దోహా ఎండ, ఇటలీ లీగు



ఇటలీలో ఫుట్‌బాల్ లీగు ఆగస్టులో మొదలైతే మళ్లీ మే నెలాఖరుకో, జూన్ మొదటి వారానికో గానీ ముగియదు. వానలైనా, మంచు కురిసినా వారం వారం ఆట ఉండాల్సిందే. క్రిస్మస్‌కు కొద్ది రోజులు సెలవు, అంతే. అలాంటి లీగు 2022-23 సీజన్‌లో నవంబరు 13 రాత్రి ఆగిపోయింది. మళ్లీ జనవరి 4న గానీ బంతి కదల్లేదు. యాభై ఒక్క రోజుల పాటు మిలాన్, ట్యూరిన్, నేపుల్స్, రోమ్ నగరాల పెద్ద స్టేడియాల్లో లీగు ఆట లేదు.

ఆపింది ఇటలీ చలి కాదు, ఖతార్ ఎండ. దోహాలో జూన్, జూలై నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడిలో ప్రపంచ కప్పు ఆడించలేమని తేల్చుకుని, దాన్ని నవంబరు, డిసెంబరులకు జరిపారు. ఆ జరుపుడుకి ఐరోపాలోని పెద్ద లీగులన్నీ తమ క్యాలెండర్లు మార్చుకున్నాయి. వాటిలో ఇటలీ కథ విచిత్రమైనది. ఎందుకంటే ఏ ప్రపంచ కప్పు కోసం తన లీగును ఆపుకుందో, ఆ ప్రపంచ కప్పులో ఇటలీ జట్టే లేదు.

ఇటలీ లీగు కట్టుబాటు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. అన్నిటికన్నా పైమెట్టు సెరీ ఆ. అందులో ఇరవై జట్లు. ప్రతి జట్టూ మిగతా పందొమ్మిది జట్లతో రెండేసి సార్లు, ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి పొరుగూళ్లో తలపడుతుంది. అంటే జట్టుకు 38 మ్యాచులు, మొత్తం 380. గెలిస్తే మూడు పాయింట్లు, సమం అయితే ఒకటి. ఆఖరున ఎవరి పాయింట్లు ఎక్కువైతే వారే విజేత. దేశమంతటికీ ఒకే లీగు అనే పద్ధతి 1929-30 నుంచి నడుస్తోంది. దాని కింద సెరీ బి, అందులోనూ ఇరవై జట్లు. ఆ కింద సెరీ సి, మూడు గ్రూపుల్లో అరవై జట్లు. మన ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడు అదే వేదిక మీద ఆడుతుంది. ఇటలీలో అలా కుదరదు. సెరీ ఆలో చివరి మూడు జట్లు కింది మెట్టుకు దిగిపోతాయి, కింది నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. అందుకే అక్కడ పదిహేడో స్థానం కోసం జరిగే పోరులో కూడా ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

ఖతార్‌కూ ఇటలీ ఫుట్‌బాల్‌కూ పరిచయం 2022లో మొదలైంది కాదు. లీగు విజేతకూ, ఇటలీ కప్పు విజేతకూ మధ్య అప్పట్లో ఏటా జరిగే సూపర్‌కప్పు మ్యాచును ఇటలీ వాళ్లు విదేశాల్లో ఆడించడం 1993లో వాషింగ్టన్‌తో మొదలుపెట్టారు. 2014 డిసెంబరు 22న అది దోహాకు వచ్చింది. వేదిక అల్ సద్ క్లబ్బు సొంత మైదానమైన జాసిమ్ బిన్ హమద్ స్టేడియం. యువెంటస్, నాపోలి జట్లు తలపడ్డాయి. యువెంటస్ తరఫున కార్లోస్ తేవెజ్ రెండు గోల్స్ కొడితే, నాపోలి తరఫున గోన్సాలో ఇగ్వాయిన్ రెండు కొట్టాడు. ఇద్దరూ అర్జెంటీనా వాళ్లే. ఇగ్వాయిన్ రెండో గోల్ అదనపు సమయం ముగియడానికి రెండు నిమిషాల ముందు వచ్చింది. పెనాల్టీ షూటౌట్‌లో సిమోనే పదోయిన్ కొట్టిన బంతిని నాపోలి గోల్‌కీపర్ రఫాయేల్ ఆపడంతో 6-5తో కప్పు నేపుల్స్‌కు వెళ్లింది. 1990 తర్వాత నాపోలికి మళ్లీ సూపర్‌కప్పు దక్కింది అప్పుడే.

రెండేళ్లకు, 2016 డిసెంబరు 23న, అదే మైదానంలో యువెంటస్, ఏసీ మిలాన్ ఎదురెదురు నిలిచాయి. కియెల్లీని గోల్‌తో యువెంటస్ ముందంజ వేస్తే, బొనవెంతూరా తల తాకించి సమం చేశాడు. మళ్లీ షూటౌట్. మిలాన్ తరఫున మొదట వచ్చిన జాన్‌లూకా లాపదూలా బంతిని యువెంటస్ గోల్‌కీపర్ బుఫోన్ ఆపేశాడు. యువెంటస్ ఆటగాడు మాంజుకిచ్ బంతి అడ్డకర్రకు తగిలింది. చివర్లో పావులో డిబాలా వచ్చాడు. మిలాన్ గోల్‌లో నిలబడ్డది పదిహేడేళ్ల కుర్రాడు జాన్‌లూయిజీ దొన్నరుమ్మా. డిబాలా కొట్టిన బంతిని అతను ఆపాడు. తర్వాత పషాలిచ్ గోల్ కొట్టడంతో 4-3తో కప్పు మిలాన్‌ది అయింది.

లాపదూలా, డిబాలా, దొన్నరుమ్మా. ఈ మూడు పేర్లనూ శ్రోతలు గుర్తుంచుకోవాలి. 2022-23 సీజన్ ఈ ముగ్గురినీ మూడు రకాలుగా పరీక్షించింది.

ఈ జాసిమ్ బిన్ హమద్ స్టేడియం భారతీయులకూ దగ్గరిదే. 2019 సెప్టెంబరు 10న ప్రపంచ కప్పు అర్హత పోటీలో, అప్పటికి ఆసియా విజేతగా ఉన్న ఖతార్‌ను భారత జట్టు అక్కడే 0-0తో నిలువరించింది. ఆ రాత్రి ఖతార్ దాడుల్ని ఒకదాని వెంట ఒకటి ఆపిన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ. ఐదేళ్ల తర్వాత, 2024 జూన్ 11న, అదే మైదానంలో చాంగ్తే గోల్‌తో ఆధిక్యంలో ఉన్న భారత్, గీత దాటి బయటకు వెళ్లిపోయిన బంతిని ఖతార్ లోపలికి లాగి కొట్టిన గోల్‌ను రిఫరీ ఒప్పుకోవడంతో దెబ్బతిని 2-1తో ఓడింది. తర్వాతి దశకు వెళ్లే దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ అన్యాయాన్ని భారత ఫుట్‌బాల్ అభిమాని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక అసలు సీజన్‌కు వద్దాం.

ప్రపంచ కప్పు ఖతార్‌కు దక్కింది 2010 డిసెంబరు 2న. దాన్ని చలికాలానికి జరిపి, 2022 డిసెంబరు 18న ఫైనల్ అని ఫిఫా ఖరారు చేసింది 2015 మార్చిలో. అంటే ఐరోపా లీగులకు ఏడేళ్ల ముందే తెలుసు. ఆటగాళ్లను పంపినందుకు ప్రపంచంలోని క్లబ్బులన్నిటికీ కలిపి ఫిఫా 20 కోట్ల 90 లక్షల డాలర్లు పంచింది. లెక్క ప్రకారం ఒక్కో ఆటగాడికి రోజుకు దాదాపు పదివేల డాలర్లు. డబ్బు సంగతి అలా ఉంచితే, శిక్షకులను బాధించినది మరొకటి. ఆగస్టు 13న మొదలుపెట్టి నవంబరు 13లోగా పదిహేను రౌండ్లు ముగించాలి. ఆ మధ్యలోనే వారం మధ్య రోజుల్లో ఐరోపా కప్పుల మ్యాచులు కూడా ఆడాలి.

ఆ ఉరుకులాటలో అందరికన్నా వేగంగా పరుగెత్తింది నాపోలి. లుచానో స్పల్లెత్తి శిక్షణలో పదిహేను మ్యాచుల్లో పదమూడు గెలిచి, రెండు సమం చేసుకుని, ఒక్కటీ ఓడకుండా 41 పాయింట్లు పోగేసింది. రెండో స్థానంలో ఉన్న ఏసీ మిలాన్‌కు 33. మారడోనా ఉన్న రోజుల్లో, 1987లోనూ 1990లోనూ గెలిచాక, ముప్పై రెండేళ్లుగా నేపుల్స్ నగరం లీగు టైటిల్ కోసం ఎదురుచూస్తోంది. సరిగ్గా జట్టు పరుగందుకున్నప్పుడు ఆట ఆగింది. ఆ ఊరి అభిమానుల గుండెలు ఎంత కొట్టుకుని ఉంటాయో ఊహించవచ్చు. యాభై రెండు రోజుల తర్వాత అదే ఊపు ఉంటుందా?

నాపోలికి ఒక విధంగా అదృష్టం కలిసొచ్చింది. దాని నుంచి ఖతార్ వెళ్లింది ఐదుగురే. కొరియా డిఫెండర్ కిమ్ మిన్-జే, పోలండ్ ఆటగాడు జెలిన్‌స్కి, మెక్సికో నుంచి లొసానో, కామెరూన్ నుంచి అంగిస్సా, ఉరుగ్వే నుంచి ఒలివెరా. జట్టుకు ప్రాణమైన విక్టర్ ఒసిమెన్ దేశం నైజీరియా ఆ ప్రపంచ కప్పుకు అర్హత సాధించలేదు. ఎడమ పక్క నుంచి మెరుపులా దూసుకొచ్చే క్వారత్స్‌హేలియాది జార్జియా, దానికీ అర్హత లేదు. కెప్టెన్ ది లొరెంజో, గోల్‌కీపర్ మెరెట్ ఇటలీ వాళ్లు, వాళ్లకీ పిలుపు లేదు. మిగిలిన జట్టంతా టర్కీలోని అంటాల్యాకు వెళ్లి సాధన చేసుకుంది.

ఇటలీ ఖతార్ వెళ్లకపోవడం వెనక పెద్ద గాయం ఉంది. 2021 జూలై 11న వెంబ్లీలో ఇంగ్లండ్‌ను ఓడించి ఐరోపా కప్పు గెలిచిన జట్టు అది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు గోల్‌కీపర్ దొన్నరుమ్మా. తొమ్మిది నెలలైనా తిరగకముందే, 2022 మార్చి 24న, పలెర్మోలో ఉత్తర మాసిడోనియా ఆటగాడు త్రాయ్‌కోవ్‌స్కి 92వ నిమిషంలో దూరం నుంచి కొట్టిన బంతి అదే దొన్నరుమ్మాను దాటి వలలో పడింది. 2018 తర్వాత 2022 ప్రపంచ కప్పు కూడా ఇటలీకి దక్కకుండా పోయింది. పదిహేడేళ్ల వయసులో దోహాలో మిలాన్‌కు కప్పు తెచ్చిపెట్టిన కుర్రాడు, ఇరవై మూడేళ్లకు దోహా చూడలేకపోయాడు.

దేశం లేకపోయినా లీగు ఉంది. దోహా దగ్గరి లుసైల్‌లో 88,966 మంది ముందు జరిగిన ఫైనల్‌లో ఇటలీ లీగు ఆటగాళ్లు రెండు వైపులా కనిపించారు. అర్జెంటీనాకు రెండో గోల్ కొట్టిన ఆంహెల్ డి మరియా అప్పుడు యువెంటస్ ఆటగాడు. ఫ్రాన్స్ తరఫున మైదానంలోకి దిగిన జిరూ, థియో హెర్నాండెజ్ ఏసీ మిలాన్ వాళ్లు. రాబియో యువెంటస్ వాడు. అర్జెంటీనా మార్పిడి ఆటగాళ్లలో లౌతారో మార్టినెజ్ ఇంటర్ నుంచి, పరెదెస్ యువెంటస్ నుంచి వచ్చారు.

3-3గా ఉన్న ఆ మ్యాచులో, అదనపు సమయం కూడా ముగిసిపోతున్న ఆఖరి క్షణంలో అర్జెంటీనా శిక్షకుడు స్కలోని ఒక ఆటగాణ్ని లోపలికి పంపాడు. పెనాల్టీ కొట్టడానికే పంపాడు. ఆ ఆటగాడు పావులో డిబాలా, అప్పటికి రోమా జట్టు వాడు. ఆరేళ్ల క్రితం, ఇలాంటి డిసెంబరు రాత్రే, ఇదే దేశంలో షూటౌట్‌లో విఫలమై యువెంటస్‌కు కప్పు పోగొట్టిన మనిషి. ఈసారి అతను బంతిని తిన్నగా నడిమికి కొట్టాడు. గోల్. తర్వాత పరెదెస్ కొట్టాడు. మోంతియెల్ ముగించాడు. అర్జెంటీనా ప్రపంచ విజేత.

సెరీ ఆ మాత్రమే కాదు, సెరీ బి కూడా ఆ ప్రపంచ కప్పులో మెరిసింది. సెమీఫైనల్ దాకా వెళ్లి ఆఫ్రికా మొత్తాన్నీ గర్వపడేలా చేసిన మొరాకో జట్టులో వాలిద్ చెద్దీరా అనే ముందువరుస ఆటగాడు బారీ నుంచి వచ్చాడు. బారీ అప్పటికి ఇటలీ రెండో మెట్టు లీగులో ఆడుతున్న జట్టు. అంతకు ముందు సీజన్‌లోనే మూడో మెట్టు నుంచి పైకి వచ్చింది. పైగా సెరీ ఆ ఆగినట్టు సెరీ బి ఆగలేదు. ఖతార్‌లో లుసైల్, అల్ బైత్ స్టేడియాల్లో దీపాలు వెలుగుతుండగా బారీలో, కల్యారిలో, జెనోవాలో లీగు మ్యాచులు నడిచాయి. తన ముఖ్యమైన గోల్ వీరుణ్ని ఖతార్‌కు పంపి, బారీ అతను లేకుండానే ఆడింది.

ఆ నెలరోజుల్లో దోహాలో తెలుగు మాట తరచుగా వినిపించింది. ఖతార్‌లో ఏడు లక్షలకు పైగా భారతీయులున్నారు. వారిలో తెలుగువాళ్లు, ముఖ్యంగా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లినవాళ్లు లెక్కకు తక్కువ కాదు. ఇంజనీర్లు, నర్సులు, లెక్కల మనుషులు ఉన్నారు. మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఉన్నారు. స్టేడియాలకు, మెట్రోకు, రోడ్లకు, హోటళ్లకు సిమెంటూ ఇనుమూ మోసిన చేతుల్లో తెలుగు చేతులున్నాయి. నగరం అంచున కార్మికులు ఎక్కువగా ఉండే ప్రాంతంలో, ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో, పెద్ద తెర కట్టి కార్మికులకు మ్యాచులు ఉచితంగా చూపించారు. టికెట్టు కొనుక్కుని స్టేడియం లోపలికి వెళ్లలేని వేలమంది, తాము కట్టిన స్టేడియాల్లో జరిగే ఆటను ఆ తెర మీద చూశారు.

ఇక్కడే ఈ ప్రసంగం చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఉంది. తొంభై నిమిషాలు పరుగెత్తే ఆటగాడు వేసవి ఎండను తట్టుకోలేడని ప్రపంచ ఫుట్‌బాల్ తన క్యాలెండర్‌నే తిప్పేసింది. అది సరైన నిర్ణయం. మనిషి ప్రాణం కన్నా టోర్నీ ఎక్కువ కాదు. కానీ అదే ఎండలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి క్యాలెండర్‌ను తిప్పడానికి ఎంత కాలం పట్టింది? ఖతార్‌లో వేసవి మధ్యాహ్నాలు బయటి పని ఆపే నిబంధన 2007 నుంచే ఉంది. అయితే అది జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు పదకొండున్నర నుంచి మూడింటి వరకు మాత్రమే. 2021లో దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు పొడిగించారు. వేడి, ఉక్క కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని చేర్చారు. పని మారడానికి పాత యజమాని అనుమతి కావాలన్న కఫాలా షరతును 2020లో తొలగించారు. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. ప్రపంచం కళ్లన్నీ ఆ దేశం మీద ఉండబట్టే, కార్మిక సంఘాలూ పత్రికలూ అడుగుతూ ఉండబట్టే ఈ మార్పులు వచ్చాయి. అవి మంచి మార్పులు. స్టేడియాల పని చాలావరకు పూర్తయ్యాక వచ్చిన మార్పులు కూడా.

జనవరి 4న ఇటలీలో మళ్లీ విజిల్ మోగింది. ఆ రోజుల్లోనే ఇటలీ ఫుట్‌బాల్ రెండు పెద్ద దుఃఖాలు చూసింది. లాజియోలో, ఇంటర్‌లో ఆడి, బొలోన్యాకు శిక్షకుడిగా పనిచేసిన సినిషా మిహైలోవిచ్ డిసెంబరు 16న రోమ్‌లో, ప్రపంచ కప్పు ఫైనల్‌కు రెండు రోజుల ముందు కన్నుమూశాడు. 1991లో సాంప్‌దోరియాకు ఏకైక లీగు టైటిల్ తెచ్చిన జట్టులోని జాన్‌లూకా వియాలి, ఆట మళ్లీ మొదలైన రెండు రోజులకే, జనవరి 6న వెళ్లిపోయాడు. ఆ సాంప్‌దోరియానే ఆ సీజన్ ముగిసేసరికి అట్టడుగు స్థానంలో నిలిచి కింది మెట్టుకు దిగిపోయింది.

మళ్లీ మొదలైన రాత్రే మిలాన్‌లో ఇంటర్ ఆటగాడు జెకో తల తాకించి కొట్టిన గోల్‌తో నాపోలి ఆ సీజన్ లీగులో మొదటిసారి ఓడింది. భయపడినట్టే అయిందనుకున్నారు. తొమ్మిది రోజుల తర్వాత, జనవరి 13న, యువెంటస్‌ను 5-1తో చిత్తు చేసి నాపోలి ఆ భయాన్ని తుడిచేసింది. విశ్రాంతి తీసుకున్న కాళ్లు మళ్లీ పరుగందుకున్నాయి. ఆ తర్వాత వెనుదిరిగి చూసింది లేదు.

యువెంటస్‌కు మైదానం బయట కూడా దెబ్బలు తగిలాయి. ఆటగాళ్ల కొనుగోలు అమ్మకాల లెక్కల్లో తేడాలపై జనవరి 20న పదిహేను పాయింట్లు కోత పడింది. ఏప్రిల్‌లో అవి తిరిగి వచ్చాయి, మే 22న మళ్లీ పది పాయింట్లు పోయాయి. చివరికి 62 పాయింట్లతో ఏడో స్థానం.

ఖతార్ నుంచి ఆ సీజన్ రెండో సగానికి ఒక సాధనం కూడా వచ్చింది. ఆఫ్‌సైడ్‌ను కెమెరాలతో తేల్చే సగం స్వయంచాలక పద్ధతి. 2021 డిసెంబరులో ఖతార్‌లోనే జరిగిన అరబ్ కప్పులో దాన్ని పరీక్షించారు, ప్రపంచ కప్పులో వాడారు. స్టేడియం పైకప్పు కింద అమర్చిన పన్నెండు కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 బిందువుల్ని సెకనుకు యాభై సార్లు గమనిస్తాయి. ఇటలీ దాన్ని 2023 జనవరి 27 నుంచి సెరీ ఆలో అమల్లోకి తెచ్చింది.

2023 మే 4న ఊదినే నగరంలో ఒసిమెన్ గోల్‌తో ఉదినేజేతో 1-1 సమం చేసుకున్న నాపోలి, ఇంకా ఐదు మ్యాచులు మిగిలి ఉండగానే మూడోసారి ఇటలీ విజేత అయింది. ఆట ఊదినేలో జరిగితే, నేపుల్స్‌లోని డియేగో అర్మాండో మారడోనా స్టేడియంలో తెరల మీద చూడటానికి యాభై వేల మందికి పైగా చేరారు. ఆ రాత్రి ఆ ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. లీగు ముగిసేసరికి నాపోలికి 90 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న లాజియోకు 74. ఒసిమెన్ 26 గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు. లీగు చరిత్రలో ఆ స్థానం దక్కిన మొదటి ఆఫ్రికా ఆటగాడు అతనే. డిసెంబరులో మొరాకో ఆఫ్రికాకు తెచ్చిన గౌరవాన్ని మే నెలలో నైజీరియా బిడ్డ ఇటలీలో నిలబెట్టాడు.

ఐరోపా క్లబ్బు కప్పుల్లో మూడు ఫైనళ్లకూ ఇటలీ జట్లు చేరాయి, మూడింటిలోనూ ఓడాయి. బుడాపెస్ట్‌లో సెవియా చేతిలో రోమా, ప్రాగ్‌లో వెస్ట్ హామ్ చేతిలో ఫియొరెంతీనా, ఇస్తాంబుల్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో ఇంటర్. మే 31 నుంచి జూన్ 10 వరకు పదకొండు రోజుల్లో మూడు ఓటములు. సెరీ ఆ అడుగున వెరోనా, స్పెజియా సమాన పాయింట్లతో ముగించడంతో ఎవరు దిగిపోవాలో తేల్చడానికి జూన్ 11న విడిగా ఒక మ్యాచు ఆడించారు. వెరోనా 3-1తో గెలిచి నిలిచింది.

సరిగ్గా ఆ జూన్ 11నే సెరీ బి ఆఖరి మ్యాచు కూడా. సెరీ ఆకు ఎక్కే చివరి చోటు కోసం బారీ, కల్యారి పోటీపడ్డాయి. కల్యారిలో జరిగిన మొదటి మ్యాచు 1-1. కల్యారి గోల్ కొట్టింది జాన్‌లూకా లాపదూలా, దోహాలో బుఫోన్‌కు బంతి అప్పగించిన ఆ మిలాన్ ఆటగాడే. ఇప్పుడతను 21 గోల్స్‌తో సెరీ బిలో అందరికన్నా ముందున్నాడు. తల్లి దేశమైన పెరూ తరఫున ఆడుతూ, ఏడాది క్రితం ఖతార్‌లోనే ఆస్ట్రేలియా చేతిలో షూటౌట్‌లో ఓడి ప్రపంచ కప్పు పోగొట్టుకున్నాడు. బారీలో జరిగిన రెండో మ్యాచులో సమం అయినా బారీదే పైచేయి. 94వ నిమిషం దాకా సమమే. అప్పుడు కల్యారి ఆటగాడు పవొలెత్తి కాలు పెట్టి గోల్ కొట్టాడు. నిండిన స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. చెద్దీరాను ప్రపంచ కప్పుకు పంపిన బారీ రెండో మెట్టులోనే మిగిలిపోయింది. శిక్షకుడు క్లౌదియో రానియేరితో పాటు లాపదూలా సెరీ ఆకు ఎక్కాడు.

ఆ సీజన్ కథ చెప్పుకుంటూ మన ఊరి మనిషి ఒకరిని తలచుకోవాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లి, ఇటలీ మైదానాల్లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చింది హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ గోల్స్ కొట్టిన బలరామ్ 2023 ఫిబ్రవరి 16న, నాపోలి టైటిల్ వైపు పరుగు తీస్తున్న రోజుల్లో, కోల్‌కతాలో కన్నుమూశారు. ఇటలీ గడ్డ మీద తెలుగు నేల ఆటగాడు పేరు తెచ్చుకున్న రోజు ఒకటి ఉందని మన పిల్లలకు తెలియాలి.

మళ్లీ దోహాకు వస్తే, ఇటలీ నుంచి అక్కడికి ఆటగాళ్ల రాక కొత్తది కాదు. ఫియొరెంతీనాకు గోల్స్ వర్షం కురిపించి, 2001లో రోమాకు లీగు టైటిల్ తెచ్చిన బటిస్టూటా 2003లో అల్ అరబీలో చేరి ఒకే సీజన్‌లో 25 గోల్స్ కొట్టాడు. బ్రెషియాలో, రోమాలో ఆడిన పెప్ గార్డియోలా అదే ఏడు దోహాలోని అల్ అహ్లీకి వచ్చాడు. నాపోలి విజేత అయిన నాలుగు నెలలకు, 2023 సెప్టెంబరులో, ఐరోపా కప్పు గెలిచిన ఇటలీ జట్టులోని మార్కో వెరత్తి పారిస్ నుంచి అల్ అరబీకి వచ్చాడు.

ఖతార్ ముచ్చట ముగిసింది గానీ ఎండ కథ ముగియలేదు. 2034 ప్రపంచ కప్పును ఫిఫా 2024 డిసెంబరు 11న సౌదీ అరేబియాకు ఇచ్చింది. అక్కడా అదే వేసవి. అక్కడా కొత్త స్టేడియాలు లేవాలి, రోడ్లు పడాలి. ఆ పనికి వెళ్లేవాళ్లలో మళ్లీ తెలంగాణ, ఆంధ్ర పల్లెల వాళ్లు ఉంటారు. ఆటగాళ్ల క్యాలెండర్ గురించి ఐరోపా క్లబ్బులు మాట్లాడతాయి, వాళ్లకు ఆ బలం ఉంది. కార్మికుడి క్యాలెండర్ గురించి ముందుగా అడగాల్సింది మనమే.

అందుకే ఈ ప్రసంగం వింటున్న కుటుంబాలకు ఒక విన్నపం. మీ ఇంటి నుంచి ఎవరైనా గల్ఫ్ ప్రయాణం కడుతుంటే, ఏజెంటు భారత ప్రభుత్వం దగ్గర నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఒప్పుకోవద్దు. జీతం, వసతి, పని గంటలు రాసిన ఒప్పందం కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. పది లక్షల రూపాయల రక్షణ ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకున్నారో లేదో సరిచూసుకోండి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ సంగతి వెళ్లే మనిషికి ఇంటి దగ్గరే చెప్పి పంపండి.